డాక్టరమ్మ చేతిలో నాయన పాదం

మా నాయనకు షుగర్ పరీక్ష అంటే బడిలో పరీక్ష లెక్కే. గిద్దలూరు పోయి రక్తం ఇవ్వాల్సిన రోజు దగ్గర పడితే చాలు, అన్నం మానేసి కొర్ర సంకటి, పలచటి మజ్జిగతో సరిపెట్టుకునేవాడు. టీలో చక్కెర బంద్. కాగితం మీద అంకె తగ్గి వచ్చేది. ఆ సాయంత్రం దారిలోనే జిలేబీ. నేనూ తక్కువదాన్నేం కాదు. బస్సులో పక్కన కూర్చున్న వాళ్ళందరికీ "మా నాయన షుగర్ కంట్రోల్లో ఉంది" అని చెప్పుకుంటూ వచ్చేదాన్ని. నాకు నోరు ఊరుకోదు.

మొన్న ఎండాకాలం కూడా ఆసుపత్రి బెంచీ మీద అదే పని చేస్తుంటే లోపలికి పిలిచారు. కొత్త డాక్టరమ్మ, నాకంటే కొంచెం పెద్దదేమో. ఈసారి ఆమె ఇంకో పరీక్ష కూడా చేయించింది.

"పెద్దాయనా, పొద్దున తీసిన షుగర్ బాగానే ఉంది. మూడు నెలల షుగర్ మాత్రం చాలా ఎక్కువుంది. రక్తం ఇచ్చేముందు కడుపు మాడ్చుకున్నావా?"

నాయన నా వైపు చూశాడు. నేను గోడ మీద బొమ్మను చూశాను.

"చక్కెర రక్తంలో ఊరికే తిరిగి పోదు," అంది ఆమె. "ఒంట్లో మాంసకృత్తులకు అతుక్కుంటది. అతుక్కున్నాక రెండు పూటలు పస్తుంటే ఊడిరాదు. పెనం మీద రొట్టె ఎర్రగా కాలి గట్టిపడతది చూడు, రక్తనాళాలు అట్ల బిరుసెక్కుతాయి. పైగా లోపల తుప్పు లాంటిది పుట్టి, ఇనుమును తిన్నట్టు నరాలను తింటది. కళ్ళు, కిడ్నీలు, కాళ్ళు, దేన్నీ వదలదు. ఏదీ, కాళ్ళు చూపించు."

నాయన రెండు కాళ్ళూ స్టూలు కిందికి లాక్కున్నాడు.

"కాళ్ళు బాగుండాయి తల్లీ."

"చిన్న గీరే మేడం, కాలికి ముళ్ళకంప గీరుకునింది. పసుపు పెట్టి గుడ్డ కట్టినాడు," అని నేనే అందుకున్నాను. ఆ గీరును నేను చూసింది లేదు. నాయన ఇంట్లో ఏం చెప్పాడో అదే అప్పజెప్పాను.

డాక్టరమ్మ కింద పీట మీద కూర్చుని చెయ్యి చాపింది. నాయన లేచి నిలబడ్డాడు.

"వద్దు తల్లీ! ఆడబిడ్డవు, ఇంత చదువుకున్నదానివి, నా కాళ్ళు పట్టుకుంటావా? నాకు పాపం చుట్టుకుంటది."

తలుపు దగ్గర జనం తొంగి చూస్తున్నారు.

"బైబిల్లో ప్రభువే శిష్యుల కాళ్ళు కడిగినాడు గదా నాయనా," అన్నాను మెల్లగా.

"ఆయన కడిగినాడు. వద్దు వద్దన్న శిష్యుడు ఊరికే ఒప్పుకున్నాడా ఏంది?"

"ఆఖరికి ఒప్పుకున్నాడు గదా! కూచో."

డాక్టరమ్మకు నవ్వొచ్చింది. నాయన కూర్చున్నాడు గానీ, పాదం ఆమె ఒడిలోకి పోగానే తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. గుడ్డ విప్పేసరికి గదంతా వాసన. బొటనవేలి కింద నల్లటి పుండు. ఆమె పట్టకారు పెట్టి, లోపల విరిగి ఉండిపోయిన కంపముల్లును బయటికి లాగింది.

"నొప్పి పుట్టిందా?"

"లేదు తల్లీ, ఏం తెలీలే," అన్నాడు నాయన తువ్వాలు కిందినుంచి, పాసైన పిల్లగాడి మాదిరి.

"తెలీకపోవడమే జబ్బు పెద్దాయనా. నరాలు మొద్దుబారినాయి."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన బట్టలు ఉతుకుతాను, అన్నం పెడతాను, ఆయన ఆరోగ్యం గురించి దారిన పోయేవాళ్ళకు కూడా చెబుతాను. ఆయన అరికాలు చూడడం ఆ రోజే మొదలు.

పుండు ఎర్రబడి మానితే వేలు నిలుస్తుందట. నలుపు పాకితే తీసెయ్యాలట. చీటీలో ఇన్సులిన్ సూదులు రాసిచ్చి, రోజూ కట్టు మార్చమంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పక్కామె "ఏమన్నారమ్మా డాక్టరు?" అని అడిగితే, వినపడనట్టు కూర్చున్నాను.

ఇప్పుడు పొద్దున్నే కట్టు మార్చేది నేనే. నాయన మంచం మీద కాలు చాపి గోడ వైపు తిరుగుతాడు. కూతురి చేత కాలు కడిగించుకోవడం ఆయనకు ఇంకా తలవంపులే. పుండు అంచున కొంచెం ఎరుపు కనిపిస్తోంది. వేలు సంగతి డాక్టరమ్మ ఇంకా తేల్చలేదు.

"అయిపోయిందామ్మా?" అంటాడు. అప్పటికి నా వేళ్ళు పుండు మీదే ఉంటాయి.

"అయిపోవచ్చింది నాయనా," అంటాను.