చేయి అందనంత దూరం

డ్రైవర్ ఇంట్లో గడపలు తీయించడానికి వెళ్లిన మొదటి రోజే టేపక్క నుదుటికి కుట్లు పడ్డాయి.

కొలతల టేపు ఎప్పుడూ నడుముకి వేలాడుతుంటుంది కాబట్టి ఆమెకా పేరు. వయసు మళ్లినవాళ్లకీ, కాళ్లూ చేతులూ సహకరించనివాళ్లకీ వీలుగా ఇంటి లోపలి అమరిక మార్చడం ఆమె పని. ఈ పిచ్చి చిన్నప్పుడే పట్టుకుంది. కాళ్లు చచ్చుబడి పాకుతూ తిరిగే తమ్ముడికి అందాలని బాత్‌రూమ్ గడియ ఊడదీసి కింద బిగించింది. తలుపు పాడుచేసినందుకు తండ్రి వీపు చిట్లగొట్టాడు. కానీ ఆ గడియని మళ్లీ పైకి మార్చిన పాపాన ఎవరూ పోలేదు. చదువయ్యాక హోటళ్లకీ షాపులకీ హంగులు చేసింది గానీ, మనసు కుదిరింది ఈ పనిలోనే.

డ్రైవర్‌కి లారీ బోల్తాపడి నడుము కింద చచ్చుబడింది. భుజాల బలం మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. భార్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది. వీధిలో అందరికీ ఆమె టైలరమ్మ. ఇల్లు బాగుచేయమని టేపక్కని పిలిచింది టైలరమ్మ తమ్ముడు.

టేపక్క వంగి గడప కొలుస్తుంటే, మంచం మీద నుంచి స్టీలు చెంబు దూసుకొచ్చి నుదుటికి తగిలింది.

"కొలతలేంటే? నేనింకా చావలేదు! గొయ్యి తవ్వడానికొచ్చావా?" అని అరిచాడు డ్రైవర్.

రక్తం కంట్లోకి కారుతుంటే టైలరమ్మ ఆమెని వంటింట్లోకి లాక్కుపోయి గుడ్డముక్కతో అదిమిపెట్టింది. ఆమె చేయి చూసి టేపక్క తన నొప్పి మరిచిపోయింది. మణికట్టు నుంచి మోచేతి దాకా, మానిన గాయాల మీద మానని గాయాలు.

"స్నానం చేయించేటప్పుడు జుట్టు పట్టుకుని గోడకేసి బాదుతాడమ్మా. కుర్చీలోకి ఎత్తేటప్పుడు మెడ దొరకబుచ్చుకుంటాడు" అంది టైలరమ్మ.

"ఎప్పట్నుంచి?"

"పెళ్లయినప్పట్నుంచీ. ఆయన కాళ్లు బాగున్నప్పుడు పరిగెత్తి తప్పించుకునేదాన్ని. ఇప్పుడు నా కాళ్లతో నేనే దగ్గరికెళ్లాలి." గొంతు తగ్గించింది. "మీరేం చేస్తారో నాకు తెలీదు. నేను ఆయన చేతికి అందకూడదు. అంతే."

స్విచ్ అందాలి, కుళాయి అందాలి అని అడిగినవాళ్లే తప్ప, మనిషి అందకూడదని టేపక్కని ఎవరూ అడిగింది లేదు. ఆలోచించగా ఆమెకి ఒకటే దారి తోచింది. అన్ని పనులూ ఆయనే చేసుకోగలిగితే ఈమె దగ్గరికి వెళ్లే అవసరమే ఉండదు.

గడపలు లేచిపోయాయి. తలుపులు వెడల్పయ్యాయి. మంచం చక్రాల కుర్చీ ఎత్తుకి దిగింది, దాని పక్క గోడకి కడ్డీ, కుళాయి వచ్చాయి. బాత్‌రూమ్‌లో కూర్చునే బల్లా, గోడలకి ఉక్కు కడ్డీలూ వచ్చాయి. పొయ్యి కింద మోకాళ్లు పట్టేంత ఖాళీ వదిలారు. టైలరమ్మ గదికి మందపాటి తలుపు పెట్టి లోపల గడియ బిగించారు.

పని సజావుగా సాగనిచ్చాడా అంటే అదీ లేదు. సిమెంటు ఆరకముందే డ్రైవర్ ఒక కడ్డీ పెరికి మేస్త్రి చేతి మీద కొట్టాడు. రెండు వేళ్లు నుజ్జయ్యాయి. "ఈ రాక్షసుడికి సేవ చేయడం నా వల్ల కాదక్కా" అని మేస్త్రి పనిముట్లు సర్దుకున్నాడు. టేపక్క ఇంకో మేస్త్రిని తెచ్చి, ఈసారి గోడ లోపలికంటా బోల్టులు దింపించింది.

చివరికి డ్రైవర్ తనంతట తాను స్నానం చేశాడు. ఆ పూట ఎవరినీ తిట్టలేదు. నెల తిరిగేసరికి టైలరమ్మ కాస్త ఒళ్లు చేసింది కూడా.

తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతూ హాల్లో నిలబడి ఉంది. డ్రైవర్ కూర సంగతి అడిగాడు. ఆమె జవాబు నచ్చలేదు. అడ్డొచ్చే గడప ఒక్కటీ లేదు. నున్నటి నేల మీద చక్రాలు లారీలా దూసుకొచ్చాయి. కుర్చీ ముందు ఇనుము ఆమె కాలిని గోడకి నొక్కేసింది. వెనక్కి తీసి మళ్లీ గుద్దాడు. ఎముక విరిగిన చప్పుడు పక్కింటివాళ్లకి వినిపించింది.

ఆసుపత్రిలో ఎప్పటిలా జారిపడ్డానని చెప్పలేదు టైలరమ్మ. "మా ఆయనే విరగ్గొట్టాడు. రాసుకోండి" అంది పోలీసుతో.

ఆ మాట విన్న ఆమె తమ్ముడు ఆగలేదు, డ్రైవర్ ఇంటికి దూసుకుపోయాడు. టైలరమ్మని చూడ్డానికొచ్చిన టేపక్క అతని వాలకానికి భయపడి వెనకే పరిగెత్తింది. ఆమె వెళ్లేసరికి డ్రైవర్ నేల మీద ఉన్నాడు, ముక్కూ నోరూ ఏకమై రక్తం. తమ్ముడు కాళ్లతో కుమ్ముతున్నాడు. మధ్యలోకి వెళ్లిన టేపక్క డొక్కలో ఒక తన్ను పడింది.

"తప్పుకో టేపక్కా! నువ్వు చదును చేసిన దారిలోనే వచ్చి మా అక్క కాలు తీశాడు!"

టేపక్క ఊపిరందక గోడకి చేరగిలపడింది. తన తన్ను ఆమెకి తగిలిందని అప్పుడు చూసి అతను ఆగిపోయాడు.

డ్రైవర్ పాక్కుంటూ మంచం దగ్గరికి వెళ్లాడు. గోడ కడ్డీ పట్టుకుని, పళ్లు బిగించి, చచ్చుబడిన కాళ్లని ఈడ్చుకుంటూ పైకెక్కాడు. నెత్తురు ఉమ్మి, మంచం పక్క కుళాయి తిప్పి మొహం కడుక్కున్నాడు. సాయం చేయమని ఎవరినీ అడగలేదు. టేపక్క కళ్లార్పకుండా చూసింది.

సాయంత్రం ఆసుపత్రిలో టైలరమ్మ అడిగింది. "నేను తమ్ముడింటికి పోతే ఆయన ఒక్కడే ఎలా బతుకుతాడమ్మా?"

"బతుకుతాడు. ఇందాకే చూసొచ్చాను. తిండి, స్నానం, మంచం ఎక్కడం దిగడం అన్నీ ఆయనకి వచ్చు. మీతో పని లేదు."

అన్నేళ్ల చాకిరీ తర్వాత ఆ మాట విని టైలరమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు సంతోషంతోనో, అవమానంతోనో ఆమెకే తెలియలేదు.

డ్రైవర్ మీద కేసు నడుస్తోంది. ఒంటరిగానే ఉంటున్నాడు, వండుకుంటున్నాడు, కిటికీలోంచి దారిన పోయేవాళ్లని తిడుతున్నాడు. టైలరమ్మ కాలు వంకరగా అతుక్కుంది. తమ్ముడింటి వెనక గదిని టేపక్క ఆమెకి అనువుగా మార్చింది. తొక్కుడు మిషన్‌కి మోటారు పెట్టించి, మోచేత్తో నడిపే మీట బిగించింది. ఎవరొస్తున్నారో కనిపించాలని మిషన్‌ని తలుపుకి ఎదురుగా ఉంచింది.

టైలరమ్మ కర్ర ఆనించుకుని వచ్చి చూసింది.

"ఇటు తిప్పమ్మా, కిటికీ వెలుతురు వైపు. సూదిలో దారం కనపడొద్దూ?" అంది.