పోశెట్టి కాక చదివిన గడ్డి

మా వీధి చివరి బడిలో శుక్రవారం ఉదయాలు మైదానం తడుపుతారు. అది నిజం గడ్డి కాదు, ప్లాస్టిక్ గడ్డి. పోచల మధ్య పోసిన నల్ల రబ్బరు పలుకులు అప్పటికే ఎండకు కాగి ఉంటాయి. నీళ్ళు పడగానే కొత్త టైర్ల కొట్టులోకి అడుగు పెట్టినట్టు ఘాటైన వాసన లేస్తుంది. మొన్న కూరగాయల సంచితో వస్తూ ఆ కంచె దగ్గర ఆగిపోయాను. పైపు చుడుతున్న మనిషి, ఏం కావాలన్నట్టు తల ఎగరేశాడు. ఏమీ వద్దని చెయ్యి ఊపాను గానీ కాళ్ళు కదల్లేదు. అలాంటి వాసన మధ్యే ఒక పెద్దమనిషి నాకు ఆట నేర్పాడు. ఆ ఆట పేరేమిటో ఆయనకు తెలియదు.

మాది బోధన్. నాకు నాలుగేళ్ళప్పుడు అబ్బా మమ్మల్ని దోహాకు తెచ్చుకున్నారు. ఆయన ఒక గోడౌన్‌లో స్టోర్‌కీపర్. ఇంట్లో దక్కనీ, తెలుగు రెండూ నడిచేవి. అమ్మీ పెళ్ళికి ముందు తెలుగు పంతులమ్మ కాబట్టి నాకు అక్షరాలు కూడా దిద్దించింది. స్కాలర్‌షిప్ మీద ఇక్కడే ఒక విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్‌లో చేరాను. నా తరగతిలో చాలామందిని డ్రైవర్లు గేటు ముందు దించి వెళ్ళేవారు. నేను అబ్బా గోడౌన్ పికప్‌లో వచ్చి, గేటుకు ఒక మలుపు ముందే దిగిపోయేదాన్ని. ఎండలో ఎందుకు నడుస్తావని ఆయన ఒక్కసారీ అడగలేదు. కారణం ఆయనకు తెలిసే ఉంటుంది.

కాలేజీలో అమ్మాయిలకు ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. కాలితో తన్నే ఆట కాదు, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చేత్తో విసిరి అమెరికా వాళ్ళు ఆడే ఆట. మీద పడి గుద్దుకోవడం మా పద్ధతిలో లేదు. నడుము బెల్టుకు రెండు రిబ్బన్లు వేలాడుతుంటాయి. బంతి ఎవరి దగ్గరుంటే వాళ్ళ రిబ్బను లాగేస్తే ఆట అక్కడికి ఆగుతుంది. జట్టుకు ఐదుగురు. మధ్యలో ఉన్న అమ్మాయి బంతిని వెనక్కి అందిస్తుంది. వెనక నిలబడ్డ క్వార్టర్‌బ్యాక్ దాన్ని, ముందుకు పరిగెత్తే వాళ్ళలో ఒకరికి విసురుతుంది. ఆట మొత్తం ఆ చేతిలోనే ఉంటుంది. మాకు ఆ చెయ్యి జోర్డాన్ నుంచి వచ్చిన లీన్‌ది. ఆమె విసిరితే బంతి కుడివైపు చివరి మూల దాకా చక్కగా తిరుగుతూ వెళ్ళి, అక్కడికి పరిగెత్తిన అమ్మాయి చేతుల్లో పడేది. మేం ఎన్ని మ్యాచ్‌లు గెలిచినా అన్నీ ఆ మూలలోనే గెలిచాం. లీన్‌కు బంతి అందించడం నా పని. రెండేళ్ళు అదే చేశాను.

మూడో ఏడు డిసెంబరులో లీన్ వాళ్ళ నాన్నకు వేరే దేశానికి బదిలీ అయింది. ఇక్కడ మేమందరం ఉండడమూ ఇంట్లో ఎవరో ఒకరి ఉద్యోగానికి కట్టి ఉన్నదే. రెండు వారాల్లో వాళ్ళ ఇల్లు ఖాళీ అయింది. మా కోచ్ హనా ట్యునీషియా మనిషి, తక్కువ మాట్లాడేది. ఎత్తుగడలన్నీ కంఠతా వచ్చింది నాకొక్కదానికే కాబట్టి క్వార్టర్‌బ్యాక్ నువ్వే అంది. లీన్ లేకుండా ఆడిన మొదటి మ్యాచ్‌లో నేనూ ఆ మూలకే విసిరాను. ప్రతిసారీ బంతి సగం దూరంలో పడింది, లేదా అవతలి వాళ్ళ చేతుల్లో పడింది. మాకు ఒక్క పాయింటూ రాలేదు.

మర్నాడు తరగతులు మొదలవకముందే ఒంటరిగా విసిరి చూద్దామని మైదానానికి వెళ్ళాను. పది సార్లు విసిరినా ఒక్కటీ చేరలేదు. గట్టు మీద కూలబడి అమ్మీకి ఫోన్ చేసి, నా వల్ల కాదు, మానేస్తానని ఏడ్చాను. ఫోన్ పెట్టేసేసరికి గడ్డి దువ్వే బ్రష్ మిషను పక్కన నిలబడి ఒకాయన నా వైపు చూస్తున్నాడు. కంపెనీ యూనిఫాం, మెడకు తువ్వాలు, నెరిసిన మీసాలు. రెండేళ్ళుగా రోజూ చూస్తున్న మనిషే. ఆయన ఎక్కడివాడో అడగాలని నాకెప్పుడూ తోచలేదు.

"తెలుగోళ్ళేనా బిడ్డా?"

"అవును. మాది బోధన్."

"అట్లనా! మాది నిర్మల్ దిక్కు. పేరు పోశెట్టి." మొహమంతా విప్పారింది. వెంటనే అసలు సంగతిలోకి వచ్చాడు. "నిన్న మొత్తం చూసిన. ఆ మూలకే ఇసురుతవేంది? నీ చెయ్యి అందాక పోదు గద."

నాకు కోపం వచ్చింది. "లీన్ అట్లనే ఆడేది కాకా. నీకు ఈ ఆట తెలుసా?"

"ఆట పేరు సుత తెల్వది. గడ్డి తెలుసు. ఇటు రా. ఎండ దిక్కు మొఖం పెట్టి చూడు."

నిలబడి చూశాను. ఏటవాలు ఎండలో గడ్డి అంతా ఒక్క రంగులో లేదు. అడుగులు పడిన చోట పోచలు ఒరిగి బాటల్లా మెరుస్తున్నాయి. బ్రష్ మిషను నెల రోజులుగా పాడై ఉందట, అందుకే జాడలన్నీ నిలిచిపోయాయి. ఆ రోజే బాగుచేసి ఇచ్చారు. "దువ్వినంక ఇది కనవడది. ఇప్పుడే చూస్కో" అన్నాడు. కుడివైపు మూలకు వెళ్ళే బాట బండ్లు తిరిగినంత అణిగి ఉంది. మధ్యలో, ఎడమవైపు గడ్డి నిటారుగా నిలబడి ఉంది. ఎడమ అంచున మాత్రం ఒక సన్నటి జాడ బయల్దేరి, పది పన్నెండు అడుగుల్లోనే ఆగిపోయింది.

"గిదెవరిది?" అడిగాడు.

"మారిసెల్ అని, ఫిలిప్పీన్స్ పిల్ల. ఎడమ దిక్కు ఆమెనే ఉరుకుతది."

"ఏడ ఉరికింది? గీడిదాక వచ్చి ఆగింది. రోజూ గీడనే ఆగింది."

"ఎందుకు?"

"బంతి రాదని తెల్సినోళ్ళు ఎందాక ఉరుకుతరు బిడ్డా?"

రెండేళ్ళు ఆమె పక్కన ఆడాను. ఆమె ఆగిపోతోందని నేను చూడలేదు, కోచ్ చూడలేదు, బహుశా మారిసెల్‌కే తెలియదు. నా కళ్ళు ఎప్పుడూ లీన్ చేతుల మీదే ఉన్నాయి. సంచిలోంచి నోటు పుస్తకం తీసి ఆ జాడలన్నీ గీసుకున్నాను. నేను గీయడం అయిందాకా ఆయన మిషను ఆన్ చేయలేదు.

ఆ తరువాతి వారాల్లో మా ఆట మారింది. నా చెయ్యి ఎంత దూరం పోతుందో అంతలోనే ఎత్తుగడలు అల్లాను. ఒక దూరపు విసురు బదులు నాలుగు దగ్గరి విసుర్లు, ఒక్కరికే కాదు, అందరికీ. నేను గీసినవి కోచ్ చూసి, రెండు మార్చి సరేనంది. మొదటిరోజు మారిసెల్ నాలుగు బంతులు జారవిడిచింది. ఐదోది పట్టుకుని, పరిగెత్తడం మరిచి, దాన్నే చూస్తూ నిలబడింది. పోశెట్టి కాక హద్దుల గుర్తుకు ప్లాస్టిక్ కోన్లు పెడుతూ ఏరుతూ, దారిలో రెండు మాటలు నా వైపు వేసి పోయేవాడు. "మధ్యల పిల్ల నీ దిక్కు చూస్తలేదు, ముందుగాల పిలువు." "ఎడమ దిక్కు జాడ ఇయ్యాల సగందాక పోయింది." లుసైల్‌లో టవర్లు కట్టే పని చేసి, మోకాలు దెబ్బతిని ఈ పనిలోకి వచ్చాడట. ఉండేది బిర్కత్ అల్ అవామిర్‌లోని కూలీల క్యాంప్‌లో. "ఊర్లె మావోళ్ళు దుబాయ్ల గడ్డి పెంచుతున్న అనుకుంటరు. ప్లాస్టిక్ గడ్డి అంటే ఎవ్వరు నమ్మరు" అని నవ్వేవాడు. ఊళ్ళో వాళ్ళకు గల్ఫ్ అంతా దుబాయే.

లీన్ వెళ్ళాక మూడో మ్యాచ్ ఒక్క పాయింటు తేడాతో గెలిచాం. చివరి విసురు మారిసెల్‌కే. అందరూ ఆమె మీద పడి అరుస్తుంటే కోచ్ నా భుజం మీద చెయ్యి వేసింది. ఎప్పుడూ ఎవరినీ మెచ్చుకోని మనిషి. అమ్మాయిలందరూ వింటుండగా ఇంగ్లీషులో అడిగింది. "ఆటను ఇలా పంచాలన్నది ఎవరి ఆలోచన?"

పోశెట్టి కాక నాలుగడుగుల దూరంలో కోన్లు ఒకదాంట్లో ఒకటి దూరుస్తున్నాడు. ఆయన పేరు చెబితే, ఆయనతో నేను ఏ భాషలో మాట్లాడతానో, మా అబ్బా ఏం చేస్తారో, అన్నీ వరసగా బయటికొస్తాయనిపించింది. ఇంత లెక్క నేను అప్పుడు వేశానో, తరువాత వేసుకున్నానో చెప్పలేను. నోట్లోంచి మాత్రం ఒకే మాట వచ్చింది.

"మైన్." నాదేనని.

చప్పట్లు కొట్టారు. కాక కోన్లు ఎత్తుకుని స్టోర్ గది వైపు వెళ్ళిపోయాడు. ఆయనకు ఇంగ్లీషు రాదని సర్దిచెప్పుకున్నాను. తరువాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు, పనెక్కువై ఉంటుందనుకున్నాను. మూడో రోజు నా పక్కనుంచి పోతూ, "మోచెయ్యి కిందికి దిగుతుంది బిడ్డా, పైకి పట్టు" అన్నాడు. ఆయనకేమీ అర్థం కాలేదని ఆ మాటతో నిశ్చింతగా నమ్మేశాను.

సీజన్‌లో రెండు మ్యాచ్‌లు మిగిలి ఉండగా ఒకరోజు కోన్లు పెడుతున్నది వేరే మనిషి, నేపాలీ. అడిగితే హిందీలో చెప్పాడు, పోశెట్టిని ఉత్తరాన దూరంగా ఉన్న మదీనత్ అల్ షమాల్‌కు పంపేశారని. మైదానంలో ఆడపిల్లలతో మాటలు పెట్టుకుంటున్నాడని ఎవరో కంపెనీకి చెప్పారట. ఆ ఆడపిల్లలు ఎవరో కాదు, నేనొక్కదాన్నే. రెండు రోజులు కోచ్ గది తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. మూడో రోజు కోచ్ గదికి వెళ్ళి మొదటినుంచీ చెప్పాను. గడ్డి మీది జాడలు, నోటు పుస్తకం, నేనన్న అబద్ధం.

"ఆ రోజే చెప్పి ఉంటే," అంది, "ఆయన మా జట్టు మనిషని కంపెనీకి ఆ సాయంత్రమే రాసేదాన్ని. అప్పుడు ఆయన మీతో మాట్లాడటం తప్పు కాదు, పని అయ్యేది."

తిట్టి ఉంటే బాగుండుననిపించింది. ఆమె ఉత్తరం రాసింది. ఫిర్యాదు కొట్టేశారు గానీ, వేసిన డ్యూటీ మారదన్నారు. మిగిలిన రెండింటిలో ఒకటి గెలిచి ఒకటి ఓడి, ఐదు జట్లలో రెండోవాళ్ళుగా మిగిలాం. చివరి మ్యాచ్‌కు ముందు కోచ్ మా అందరినీ నిలబెట్టింది. "ఈ ఆలోచన ఎవరిదో చెప్పు" అంది నాతో. చెప్పాను. ఎవరూ నవ్వలేదు. మారిసెల్ మాత్రం, "నేను ఆగిపోతున్నానని ఆయన చూశాడా?" అని రెండుసార్లు అడిగింది.

తరువాతి శుక్రవారం అబ్బాను బతిమాలి షమాల్‌కు తీసుకెళ్ళమన్నాను. గంటకు పైగా ప్రయాణం. ఎందుకో దారిలో చెప్పాను. ఆయన స్టీరింగ్ మీదినుంచి చూపు తిప్పకుండా, "పోయి చెప్పు, మంచిది" అన్నారు అంతే. షమాల్‌లో చిన్న మైదానం పక్క నీడలో పోశెట్టి కాక టిఫిన్ డబ్బా తెరుస్తున్నాడు. మమ్మల్ని చూసి లేవబోతే మోకాలు సహకరించలేదు. నేనే కింద కూర్చున్నాను.

"కాకా, ఆ రోజు కోచ్ అడిగినప్పుడు..."

"మైన్ అన్నవు," అన్నాడు. "ఇంగ్లీషు రాదు గని, ఆ ఒక్క మాట తెల్వదా బిడ్డా? సైట్ మీద పదిహేనేండ్లు సూపర్‌వైజర్ల నోట్ల రోజూ ఇన్నదే."

"బాధైందా?" అని అడిగాను.

"అయింది. అబద్ధమెందుకు చెప్త? రెండు దినాలు నీ దిక్కు చూడబుద్ధి కాలే."

"మరి మూడో రోజు మాట్లాడినవ్ గద?"

"ఏం చేయాలె? మోచెయ్యి అంత కిందికి దించి ఇసురుతుంటే చూస్కుంట ఎట్ల ఊకుంట?"

అబ్బా పక్కకు తిరిగి నవ్వారు. నేను ఏడుస్తూ నవ్వాను. క్షమించానని ఆయన అనలేదు, అనమని నేనూ అడగలేదు. డబ్బా మూతలో సగం అన్నం, పప్పు పెట్టి అబ్బా ముందుకు జరిపి, "తినుండ్రి భాయ్‌సాబ్, దూరంకెళ్ళి వచ్చిర్రు" అన్నాడు. అబ్బా చెయ్యి కడుక్కుని కూర్చున్నారు. అప్పుడు కాక నా వైపు తిరిగి, "ఆ ఎడమ దిక్కు పిల్ల ఎందాక ఉరుకుతుందిప్పుడు?" అని అడిగాడు. చివరి గీత దాకా అని చెప్పాను. "మంచిగుంది" అని, ఆ ఒక్క మాటకు చాలాసేపు తల ఊపాడు.

ఆ మరుసటి సోమవారం కాలేజీ గేటు ముందే పికప్ దిగాను. పోశెట్టి కాక ఇంకో రెండేళ్ళు షమాల్‌లో చేసి నిర్మల్ వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ఫోన్ చేసి, ఇక నిజం గడ్డి చూసుకుంటానన్నాడు. తరువాత ఆ నంబరు కలవలేదు.

ఇప్పుడు నేను కట్టడాల డ్రాయింగులు వేస్తున్నాను. పోయిన నెల ఒక ఇరుకు మూలలో ఇనుప కడ్డీలు అమరక రెండు వారాలు కొట్టుమిట్టాడాం. సైట్ మీద కడ్డీలు కట్టే మల్లయ్య అనే జగిత్యాల మనిషి, వంచే వరస మారిస్తే సరిపోతుందని నాకు చూపించాడు. సరిపోయింది. మీటింగులో మేనేజరు డ్రాయింగు చూసి, బాగుంది, ఎవరి ఆలోచన అని అడిగాడు. ఇన్నేళ్ళ తరువాత కూడా ఆ ప్రశ్నకు ముందుగా నా నోటి దాకా వచ్చేది ఆ పాత మాటే. దాన్ని మింగి మనిషి పేరు చెప్పడానికి నాకు ఒక క్షణం పడుతుంది. చెప్పాను. డ్రాయింగు మూలలో పేరు కూడా వేయించాను.

సాయంత్రం మల్లయ్య హెల్మెట్ చేత్తో పట్టుకుని నా గది గుమ్మంలో నిలబడ్డాడు.

"మేడం, పేరు తప్పు పడ్డది. నా పాస్‌పోర్టుల ఎల్ అక్షరాలు రెండుంటయి."

దిద్ది, మళ్ళీ అచ్చు తీసి, ఒక కాపీ ఆయన చేతికిచ్చాను.