చప్పుడు బయటికి రాని గది

2005లో గ్రేడ్-2 లైబ్రేరియన్‌గా నన్ను నిజామాబాద్‌లోని ఒక గ్రంథాలయానికి బదిలీ చేశారు. పరాయి ఊరు, అద్దె గది, ఒక్కదానికే వంట. ఆ రోజుల్లో నాకు తోడు గ్రంథాలయం వరండాలో వినబడే రెండు గొంతులే.

ఒకడు రాజన్న, బోధన్ వైపు చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు తూకం దగ్గర పనిచేసి మానుకున్నవాడు. రెండోవాడు దేవదానం. చూపు లేదు, డిచ్‌పల్లి నుంచి బస్సులో వచ్చేవాడు. రాజన్న అతనికి పేపరు పైకి చదివేవాడు. చెరుకు ధర వార్త వస్తే చదవడం ఆపి అందరినీ తిట్టేవాడు. దేవదానం పడిపడి నవ్వేవాడు.

మరుసటి ఏడు అంధుల కోసం కంప్యూటరు వచ్చింది. తెర మీది అక్షరాలను పైకి చదివే సాఫ్ట్‌వేర్ అందులో ఉంది. పాఠకులకు చప్పుడు ఇబ్బంది కారాదని పై ఆఫీసు ఉత్తర్వు. కాబట్టి వెనక గది, హెడ్‌ఫోన్లు, మూసిన తలుపు. పెద్దలు వచ్చి రిబ్బను కత్తిరించి, ఫొటో దిగి, టీ తాగి వెళ్లారు.

మౌస్ పట్టకుండా ట్యాబ్ మీటతో లింకు నుంచి లింకుకు ఎలా పోవాలో దేవదానానికి నేర్పాను. చప్పున పట్టుకున్నాడు. కానీ అప్పట్లో తెలుగు పత్రికల సైట్లలో ఎవరి ఫాంటు వారిదే. మిషన్ ఆ వార్తలను అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా వదరేది. ఇంగ్లీషు వార్తలే గతి. నెలవారీ నివేదికలో మాత్రం మా అంధుల విభాగం భేషుగ్గా నడిచింది.

"సర్కారే నీకు మిషిన్ ఇచ్చింది, ఇగ నాతోని ఏం పని తమ్మీ" అన్నాడు రాజన్న. అలిగి కాదు, సంతోషంగానే అన్నాడు. కొన్నాళ్లకు ఏర్గట్లలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. దేవదానం రెంటికీ చెడ్డ రేవడయ్యాడు. వరండా నిశ్శబ్దం నాకూ భరించరానిదయింది.

అతను రావడం తగ్గించాడు. ఎందుకని అడిగాను.

"మిషిన్ మంచిగనే చదువుతది మేడం. గని చదువుకుంట తిట్టదు గదా."

భోజన విరామంలో నేనే పేపరు చదివి చూశాను. మర్యాదగా విన్నాడు, నవ్వలేదు.

పై ఆఫీసుతో వాదించి కంప్యూటరును చదువుకునే హాల్లోకి, వరండా కిటికీ పక్కకు మార్పించాను. దేవదానం మళ్లీ రోజూ రాసాగాడు. హెడ్‌ఫోను ఒక చెవికే పెట్టుకునేవాడు. రెండో చెవి వరండా వైపు ఉండేది. నాకు బదిలీ అయ్యేదాకా అక్కడ ఎవరూ పేపరు పైకి చదవలేదు.

తర్వాత పనిచేసిన చోట్ల అలాంటి మిషన్ వస్తే, దాని కోసం వచ్చే మనిషికి ఇన్నాళ్లూ ఎవరు చదివి పెడుతున్నారో ముందు కనుక్కునేదాన్ని. దాని ముందు రెండు కుర్చీలు వేయించాకే ప్లగ్గు పెట్టనిచ్చేదాన్ని.