పంతొమ్మిది ఆదివారాల కారు

మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి అంటారు అందరూ. నా దగ్గర బాగానే ఆడుతుంది లెండి, వాళ్ల అన్నయ్య ఎదురుగా ఉంటేనే పడిపోతుంది. ఇరవై రెండేళ్లుగా ఆ అన్నయ్యగారి ఇనుప సామాన్ల కొట్లో కౌంటర్ వెనక నిలబడ్డారు. మేకులు తూచడం, బోల్టులు వెతకడం, పెయింటు డబ్బాలు దించడం. "ఒరేయ్!" అని కేక వినిపిస్తే నోటిదాకా వచ్చిన ముద్ద వదిలేసి లేస్తారు. యాభై దాటిన మనిషి, చెప్పుకుంటే సిగ్గుచేటు.

ఈయన మేనమామ పోతూ పోతూ తన పాత కారు ఈయనకిచ్చారు. గుండ్రటి దీపాలు, ముందు అద్దం రెండు పలకలు, నా కంటే వయసులో పెద్దది. ఇంజను బంగారం, పైన రంగే పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. ఫోటో స్టూడియో ఆయన దాన్ని చూసి మనసు పారేసుకున్నాడు. "రంగు వేయించి తెండి, పెళ్లి ఫోటోలకి నెలనెలా అద్దెకి పెట్టుకుంటాను, నడపడానికి మీరే ఉండండి" అన్నాడు. కాబట్టి ఆ కారు మాకు సరదా కాదు, ఆ కొట్లోంచి ఈయన బయటపడడానికి ఉన్న ఒకే ఒక దారి.

పెయింటర్ చెప్పిన రేటుకి కళ్లు తిరిగాయి. అతనే జాలిపడి, "రంగు కొట్టడం ఒక పూట పని సార్, అసలు చాకిరీ అంతా గీకుడే. సామాన్లు విప్పి, పాత రంగు గీకి, మొత్తం శుభ్రంగా ఒకేసారి తెచ్చారంటే సగానికి చేస్తా" అన్నాడు. ఈయన ఎగిరి గంతేశారు. ఆరు ఆదివారాలు చాలన్నారు. నేనూ నమ్మాను, నా ఖర్మ.

ఇక చూడండి మా ఇంటి భోగం. కారు వెనక సీటు హాల్లోకొచ్చింది, టీవీ దాని మీద కూర్చునే చూస్తాం. బంపర్లు మంచం కింద. తలుపు పిడులూ స్క్రూలూ నా బిస్కెట్ డబ్బాల్లో, ఒక్కోదానికీ ఈయన గుండ్రటి దస్తూరీతో చీటీ. కారేమో పెరటి సందులో గోడకీ గోడకీ మధ్య ఇరుక్కుంది. కుళాయి దగ్గరకి వెళ్లాలంటే ఊపిరి బిగబట్టి పక్కవాటుగా జరగాలి. నేనెంత లావెక్కానో ఆ సందు రోజూ చెబుతూనే ఉంది.

ఒక ఆదివారం తలుపులు గీకారు. బకెట్లో నీళ్లు, చేతిలో సాండ్ పేపరు, తడుపుతూ రుద్దుతూ సాయంత్రానికి ఇనుము తెల్లగా మెరిసింది. పై ఆదివారం కారు మీద కప్పిన పట్టా తీస్తే తలుపుల నిండా ఎర్రటి తుప్పు! "వానాకాలం కదా, తేమ" అన్నారు. మళ్లీ గీకారు. తలుపులయ్యేసరికి బానెట్, బానెట్ అయ్యేసరికి డిక్కీ, అన్నీ మొదటికే. నేనూ పక్కన కూర్చుని గీకాను, గోళ్లు అరిగిపోయాయి. నాకు తల ప్రాణం తోకకొచ్చింది కానీ ఆయన ఒక్కసారైనా విసుక్కోలేదు. ఆ ఓపిక చూసి దేవుడు లాంటి మనిషి అనుకున్నాను, పిచ్చిదాన్ని.

పద్దెనిమిది ఆదివారాలు గడిచాక స్టూడియో ఆయన కబురు పంపాడు, నెలాఖరు దాటితే వేరే కారు చూసుకుంటానని. నెలాఖరుకి పది రోజులే ఉంది. ఇక లాభం లేదని, మర్నాడు ఆదివారం పొద్దున్నే ఈయన గీకుడు మొదలెట్టగానే, నేను చెప్పకుండా పెయింటర్ షెడ్డుకి వెళ్లాను.

సంగతంతా చెబితే అతను నోరు తెరిచాడు. "ఉత్త ఇనుము తడిపి వారం వదిలేస్తే తుప్పు పట్టక పూలు పూస్తాయా అమ్మా? గీకిన పూటే దాని మీద రెడ్ ఆక్సైడ్ రంగు ఒక కోటింగు కొట్టేయాలి. ఇక నెలలైనా దానికి ఢోకా లేదు."

"ఆయనకి ఆ సంగతి చెప్పొద్దా మరి?" అని గయ్యిమన్నాను.

"నేనేంటి చెప్పేది? ఆ డబ్బాలు నేను కొనేది మీ కొట్లోనే. 'ఇవాళే కొట్టు, రేపటిదాకా ఉంచకు' అని ప్రతిసారీ నాకు చెప్పి మరీ ఇచ్చేది మీ ఆయనే."

ఇంటికెలా వచ్చానో నాకే తెలీదు. ఒళ్లు మండిపోతోంది. సందులో ఈయన బాసింపట్టు వేసుక్కూర్చుని తలుపు రుద్దుతున్నారు.

"రెడ్ ఆక్సైడ్ ఎందుకు కొట్టలేదు?" అన్నాను.

రుద్దుతూనే ఉన్నారు. మళ్లీ అడిగాను. చెయ్యి ఆగింది.

"కారు పూర్తయితే కొట్టు మానేస్తానని అన్నయ్యకి చెప్పాలి కదే," అన్నారు, తల ఎత్తకుండానే.

తిట్టడానికి దారంతా మాటలు కూడబెట్టుకొచ్చినదాన్ని, పక్కనే కూలబడ్డాను. "పోనీ, బావగారితో నేను మాట్లాడతాను" అన్నాను.

"వద్దొద్దు!" తడి చేత్తో నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. "నేనే నిన్ను పంపానంటాడు. వద్దు."

ఇరవై రెండేళ్లు కాపురం చేశాను, ఈయన ఇంత భయపడుతున్నారని నాకు తెలీదు. ఏడుపొచ్చేసింది. ఆయన నా చెయ్యి వదిలి మళ్లీ తలుపు వైపు తిరిగారు. అది అప్పటికే అద్దంలా ఉంది, గీకడానికి ఏమీ మిగల్లేదు. అయినా పేపరు మడిచి దాని మీద ఆనించారు.

"కాసిని నీళ్లు పొయ్యి," అన్నారు.

పోశాను.