చిక్కబడని పులుసు

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం మా ఇబ్రహీంపట్నం చెరువు అడుగంటిపోయింది. నెర్రెలు విచ్చిన నేల మీద కొంగలు కూడా వాలడం మానేశాయి. మా బాపు చేపలు పట్టి బతికే మనిషి. బొచ్చె ఎక్కడ తిరుగుతుందో, కొర్రమీను ఏ బురదలో దాక్కుంటుందో కట్ట మీద నిలబడే చెప్పేవాడు. అంతటి మనిషి వలను దూలానికి వేలాడదీసి పొద్దంతా అరుగు మీద బీడీలు కాలుస్తూ కూర్చుంటే మా అమ్మకు ఒళ్ళు మండేది. పనిలేని మగవాడు ఇంట్లో ఉంటే పొయ్యి కూడా సరిగ్గా మండదని సణిగేది.

మా పక్కింటి అక్క వాళ్ళు సముద్రం దిక్కు నుంచి వచ్చినవాళ్ళు. ఆమె భర్త రోడ్డు పనుల మీద మేస్త్రీగా వచ్చి మా వాడలోనే ఉండిపోయాడు. అక్కకు అప్పుడు ఏడో నెల. పురిటికి పుట్టింటికి పోవాలి, దిగబెట్టడానికి భర్తకు తీరిక లేదు. వాడలో తీరికగా ఉన్నది మా బాపు ఒక్కడే. అక్కను క్షేమంగా చేర్చి రమ్మని అమ్మే పంపింది. నేను కూడా పోతానని ఒక పూట అన్నం మానేసి, రెండో పూట గట్టిగా ఏడ్చి సాధించుకున్నాను. నాకు తొమ్మిదేళ్ళు.

బస్సులు మారి మారి ఆ ఊరు చేరాం. సముద్రం చూడగానే నేను బాపు వెనక దాక్కున్నాను. అవతలి గట్టు లేని నీళ్ళను అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. బాపు మాత్రం నడుము మీద చేతులు పెట్టుకుని, పెళ్ళిచూపుల్లో పిల్లను చూసినట్టు చాలాసేపు చూశాడు. చూసి చూసి, "నీళ్ళు నీళ్ళే గద బిడ్డా. చెర్వైతేంది, సముద్రమైతేంది?" అన్నాడు.

అక్క తండ్రిని నేను తాత అన్నాను, తల్లిని అమ్మమ్మ అన్నాను. నాలుగు దుంగలు తాళ్ళతో బిగించి కట్టిన తెప్ప ఒకటి తాతకు ఉండేది. ఆ ఇంటికి అన్నం పెట్టేది అదే. అక్కను దిగబెట్టి మర్నాడే తిరిగి రావలసిన బాపు, నీళ్ళు కనబడేసరికి కదల్లేదు. రెండు రోజులు ఒడ్డున పెద్ద వల తాళ్ళు లాగాడు. ఎవరు తాడు పట్టి లాగినా వాళ్ళకు కాసిని చేపలివ్వడం అక్కడి ఆనవాయితీ. ఆ చేపలు తెచ్చి అమ్మమ్మ ముందు పోస్తుంటే బాపు మొహం మళ్ళీ వెలిగింది. మూడో రోజు తెప్ప మీద వస్తానన్నాడు. వద్దని తాత అన్నాడు, వద్దని అమ్మమ్మ అంది. పుట్టినప్పటి నుంచి నీళ్ళలోనే ఉన్నానని బాపు పట్టుబట్టాడు. చివరికి తాత నవ్వి, సరే ఎక్కమన్నాడు.

తెల్లవారుతుండగా పోయిన తెప్పలన్నీ పొద్దు బాగా ఎక్కేసరికి ఒడ్డుకు వచ్చేస్తాయి. ఆ రోజూ వచ్చాయి, ఒక్కటి తప్ప. పడమటి గాలి లేచిందనీ, తాత తెప్ప లోపలికి కొట్టుకుపోతుంటే చూశామనీ వచ్చినవాళ్ళు చెప్పారు. వెతకడానికి ఇద్దరు కుర్రవాళ్ళు తెప్ప తోశారు గానీ గాలికి తెప్ప నిలవక వెనక్కి వచ్చేశారు. ఆ కబురు వింటూ అమ్మమ్మ ఇసుకలో నిలబడి ఉంది. ఏడుస్తుందేమోనని ఆమె మొహంలోకి చూశాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "పద, పొయ్యి ఎలిగిద్దాం" అంది. నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. మా బాపు నీళ్ళలో ఉంటే ఈమెకు వంట గుర్తొచ్చిందా అనుకున్నాను.

ఇంట్లో అక్క పడుకుని ఉంది. వాళ్ళు ఒడ్డున వల బాగుచేసుకుంటున్నారని అమ్మమ్మ ఆమెతో ఒక అబద్ధం ఆడింది. నా వైపు చూసి కళ్ళతోనే నోరు మూసుకోమంది. ఆ తర్వాత ఒడ్డున పంచిన కానాగంత చేపలు నా ముందు పోసి, శుభ్రం చెయ్యమంది.

మా దగ్గర చెరువు చేపకు జిగురూ బురద వాసనా పోవాలంటే బూడిదతో రుద్దుతాం. నేను పొయ్యిలోంచి రెండు గుప్పిళ్ళ బూడిద తీసి ఆ వెండి రంగు చేపలకు పట్టించి బండ మీద తోముతున్నాను. అమ్మమ్మ చూసి నుదురు కొట్టుకుంది. "ఉప్పు నీళ్ళలో పుట్టినదానికి బూడిదెందుకే, బూడిద పిల్లా!" అని నవ్వింది. ఆ రోజు పగలు ఆ ఇంట్లో వినబడిన ఆఖరి నవ్వు అదే. ఆ చేపలను మళ్ళీ కడిగి, ఉప్పూ పసుపూ రాసి మూత పెట్టింది. చట్టిలో ఉల్లిపాయలు వేయించి, కారం వేసి, చింతపండు పులుసు పోసి, రెండు పచ్చిమామిడి ముక్కలు పడేసింది. చేపలు మాత్రం వెయ్యలేదు.

"ఈ పులుసు చిక్కబడి నూనె పైకి తేలాలి. అప్పుడు చేపలేద్దాం. నూనె తేలేయేలకి మీ నాన్నా తాతా వచ్చేత్తారు. నా కాపరం మొత్తంలో ఎప్పుడూ తప్పలేదు, చూత్తా ఉండు" అంది.

నేను నమ్మాను. తొమ్మిదేళ్ళ పిల్ల నమ్మక ఏం చేస్తుంది? పొయ్యి ముందు కూర్చుని చట్టిలోకి చూస్తూ ఉన్నాను. పులుసు కుతకుతలాడింది, అంచుల నుంచి కొంచెం దిగింది, రంగు ముదిరింది. బయటికి పరుగెత్తి చూశాను. సముద్రం మీద ఏమీ లేదు. తిరిగి వచ్చేసరికి పులుసు ఇంకా దిగింది. అప్పుడు తట్టింది నాకు. నూనె తేలిపోయి కూడా వాళ్ళు రాకపోతే? అమ్మమ్మ మాట తప్పిపోతుంది. ఎప్పుడూ తప్పనిది తప్పిపోతే ఇక వాళ్ళు రానట్టే గదా! అమ్మమ్మ లోపల అక్కకు మజ్జిగ ఇస్తుంటే, కుండలోంచి చెంబుడు నీళ్ళు ముంచి చట్టిలో పోశాను. పులుసు పలచబడింది. నా గుండె కుదుటపడింది. వాళ్ళకు ఇంకాస్త వ్యవధి దొరికింది.

అలా రెండుసార్లు పోశాను. ఆ మధ్యాహ్నం నా చేతిలో ఉన్నది ఆ చెంబు ఒక్కటే. గాలిని ఆపలేను, తెప్పను లాగలేను, అక్కకు చెప్పలేను, అమ్మ నూరామడల దూరంలో ఉంది. చెంబు ముంచడం మాత్రం చేతనవుతుంది.

మూడోసారి ఒడ్డు చూసి వస్తూ తడిక సందులోంచి లోపలికి చూసి ఆగిపోయాను. అమ్మమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఉంది. అక్క పడుకున్న గది వైపు ఒకసారి, వాకిలి వైపు ఒకసారి చూసింది. చెంబుతో నీళ్ళు ముంచి చట్టిలో పోసింది. పొయ్యిలోంచి ఒక కట్టె బయటికి లాగి మంట తగ్గించింది. ఆ తర్వాత గోడకు తల ఆనించి, కొంగు నోట్లో కుక్కుకుంది.

నేను ఒక్కదాన్నే దొంగను కాదని ముందు ఊరట కలిగింది. ఒక్క క్షణమే. ఆ వెంటనే అంతకు పదింతల భయం వచ్చి పడింది. అంటే అమ్మమ్మకు కూడా తెలియదన్నమాట. పెద్దవాళ్ళకు అన్నీ తెలుసనీ, వాళ్ళు చెబితే అవుతుందనీ అప్పటిదాకా నేననుకున్నది ఆ తడిక దగ్గరే అయిపోయింది. నాకు ధైర్యం చెప్పిన మనిషికి ధైర్యం చెప్పేవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు.

కావాలని కాళ్ళ చప్పుడు చేసుకుంటూ లోపలికి పోయాను. అమ్మమ్మ కొంగు సర్దుకుని, పులుసులోకి తొంగి చూసి, ఇంకా చిక్కబడలేదేంటి, నువ్వేమైనా నీళ్ళు పోశావా అని అడిగింది. లేదన్నాను.

"నేనూ పొయ్యలేదు" అంది, నేను అడక్కుండానే.

ఇద్దరం పొయ్యి ముందు కూర్చున్నాం. ఆమె చెయ్యి నా వీపు మీద ఉంది. అది నన్ను పట్టుకుందో, నన్ను పట్టుకుని తను నిలబడిందో నాకు తెలియలేదు. ఆ తర్వాత ఒకరి ముందు ఒకరం దాచుకోకుండానే కట్టెలు లాగాం, తోశాం. పులుపు చచ్చిపోతుంటే ఆమె ఇంకాస్త చింతపండు పిసికింది.

పొద్దు వాలుతుండగా ఎవరో అరిచారు. వాళ్ళు సముద్రం మీంచి రాలేదు. ఉత్తరం వైపు నుంచి ఇసుకలో నడుచుకుంటూ వచ్చారు. తాత భుజం మీద ఒక తెడ్డు ఉంది. తెప్ప లేదు. ఎక్కడో దూరాన ఒడ్డు చేరేటప్పుడు అలల దెబ్బకు తాళ్ళు తెగి దుంగలు దేనిదారి అది పట్టాయి. మళ్ళీ తెప్ప కట్టుకునేదాకా ఆ ఇల్లు ఎలా గడిచిందో తర్వాత అక్క చెబితే విన్నాను. అమ్మమ్మ మాత్రం ఆ పూట తెప్ప మాటే ఎత్తలేదు. వాళ్ళను పైనుంచి కిందికి చూసి, "కాళ్ళు కడుక్కోండి, చేపలేత్తన్నా" అని లోపలికి పోయింది. అప్పుడు గానీ చేపలు చట్టిలో పడలేదు. వాటిని గరిటెతో కలపకూడదని, గుడ్డతో చట్టి అంచులు పట్టి తిప్పి చూపించింది.

తాత ఒక ముద్ద తిని ఆగాడు. పులుసా ఇది, కాలవ నీళ్ళా అన్నాడు. అమ్మమ్మ నా వైపు చూడకుండా, బూడిద పిల్ల చేసిందిలే, తినమంది. నింద నా మీదికి తోసేసినా నాకు కోపం రాలేదు.

మా బాపు అన్నం కలుపుకోలేకపోయాడు. అరచేతులు రెండూ బొబ్బలెక్కి చిట్లిపోయాయి, కారం తగిలితే భరించలేకపోతున్నాడు. నేనే కలిపి పెట్టాను. చెరువులో గాలి లేస్తే మా వాళ్ళు చేసేది ఒకటే, దగ్గరి గట్టు చూసుకుని తెడ్డు వెయ్యడం. బాపు సముద్రంలోనూ అదే చేశాడు. కొబ్బరిచెట్లు కనబడుతున్నాయని వాటివైపే పొద్దంతా తెడ్డేశాడు. చెట్లు దగ్గరికి రాలేదు, చేతులు పోయాయి. చివరికి తాత తెడ్డు లాక్కుని, గాలి తగ్గేదాకా కూర్చోమని గసిరాడట. నీళ్ళు ఉత్తరంగా లాగుతున్నాయి, లాగనియ్యి, గాలి పడ్డాక ఒడ్డుకు పోదామన్నాడట. నాలుగో ముద్దకు బాపు నోరు విప్పాడు.

"ఒడ్డు కండ్ల ముంగటనే ఉన్నది బిడ్డా. ఏం చేతకాలే నాకు. గమ్మున కూసున్న" అన్నాడు. మా బాపు కళ్ళలో నీళ్ళు చూడటం అదే మొదలు. అరుగు మీద ఉత్త చేతులతో కూర్చున్నప్పుడు కూడా ఆయన ఏడవలేదు.

తర్వాతి వానలకు మా చెరువు నిండింది, బాపు మళ్ళీ వల దించాడు. నీళ్ళు నీళ్ళేనన్న మాట మాత్రం మళ్ళీ ఎన్నడూ అనలేదు.

నాకిప్పుడు మనవలున్నారు. నా చేపల పులుసు చెరువు నీళ్ళలా ఉంటుందని ఇంట్లో అందరూ ఎగతాళి చేస్తారు, చెయ్యనీ. పులుసు చిక్కబడేలోగా మనుషులు వస్తారన్న మాట నిజం కాదని నాకు తెలుసు. మా ఆయనను దవాఖానకు తీసుకుపోయిన రోజు పొద్దున్నుంచి చట్టి పెట్టుకుని, చెంబు మీద చెంబు పోస్తూనే ఉన్నాను. ఆయన రాలేదు. అయినా ఆ అమ్మమ్మ నన్ను మోసం చేసిందని ఏనాడూ అనిపించలేదు. తన దగ్గర ఇంకేమీ లేనప్పుడు, ఉన్న ఒక్క పనిలో సగం నాకు పెట్టింది.

మొన్న వానల్లో నా కొడుకు ఆటో తీసుకుని ఎల్బీనగర్ పోయాడు. తుర్కయాంజాల్ దగ్గర రోడ్డు మీద నీళ్ళు నిలిచాయని కబురు. మధ్యాహ్నం నుంచి వాడి ఫోన్ కలవలేదు. వాడు ఆ సాయంత్రం మంచిగానే ఇల్లు చేరాడు, ఆ సంగతి ముందే చెబుతున్నాను. కానీ మూడు గంటలకు మా కోడలు ఫోన్ పట్టుకుని వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతోంది. భయపడొద్దని నేను అనలేదు. ఆ మాట ఎవరికీ ఎన్నడూ పనికిరాలేదు. బొచ్చె ముక్కలకు ఉప్పు రాయమన్నాను, పొయ్యి మీద చట్టి పెట్టమన్నాను.

"గిప్పుడు పులుసేందత్తమ్మా!" అని కసిరింది. నాకు నవ్వొచ్చింది. ఆ కోపం నాకు బాగా తెలిసినదే. నూనె తేలేసరికి వస్తాడని చెప్పి, చింతపండు ఆమె చేతికే ఇచ్చాను. ఆమె పిసికింది, పోసింది, చూస్తూ కూర్చుంది. ఆమె వాకిట్లోకి పోయినప్పుడల్లా నేను చెయ్యాల్సిన పని నేను చేశాను.

కాసేపటికి మూత తీసి చూస్తే పులుసు చట్టి అంచుల దాకా ఉంది. నేను పోసింది అంత లేదు. కోడలి వైపు తిరిగి, నీళ్ళేమైనా పోసినవా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది.

"నువ్వు సుత పొయ్యలే గద అత్తమ్మా" అంది.

లేదన్నాను. పక్కకు జరిగి, ఆమెకు నా పక్కన చోటిచ్చాను.