లింగయ్య బావ ఆపిన హ్యాండిల్

మా బావకు ఇంజను పని ఎవరు నేర్పారని అడిగేవాళ్ళంటే నాకు చిరాకు. ఎవరూ నేర్పలేదు. హనుమంతునిపాడు పక్క పల్లెలో గొర్రెలు కాసుకునే ఇంట పుట్టాడు లింగయ్య. ఒక కరువు ఏడాది మంద సగం పోయింది. మిగిలిన సగాన్ని వాళ్ళ నాయన పెద్దకొడుక్కు అప్పగించి, ఈయన్ను బతుకుతెరువు చూసుకోమని కంభం పంపాడు. అక్కడ బస్సులో క్లీనరుగా చేరాడు. బస్సు ఎక్కడ ఆగిపోతే అక్కడ దాని కింద దూరి చూశాడు. చూసి చూసి నేర్చుకున్నాడు, అంతే. మెకానిక్ అన్నవాడు మద్రాసులోనే పుట్టాలని రాసిపెట్టి ఉందా?

నా పేరు చిన్నయ్య. మార్కాపురంలో పలకలకు చెక్క చట్రాలు బిగించడం నా పని. మా అక్క శ్రీశైలమ్మను లింగయ్యకు ఇచ్చిన రోజున మా వాళ్ళలో సగం మంది మూతి ముడిచారు. నేనూ ముడిచాను, దాచేదేముంది! మంద వదిలేసి నూనె మరకల్లో బతికే మనిషికి పిల్లనివ్వడమేమిటని నా బాధ. తర్వాత ఆయన పని చూశాక నా నోరు మూతపడింది.

పందొమ్మిది వందల ముప్పై ఎనిమిది నాటికి ఆయన మా వీధిలోనే ఇంటి ముందు తాటాకు పందిరి వేసుకొని సొంతంగా పనిచేస్తున్నాడు. పందిరి కింద ఒక బల్ల, ఒక రంపం, స్పానర్ల పెట్టె. బావి నీళ్ళు తోడే ఇంజన్లూ, ఎప్పుడైనా ఒక లారీ వచ్చేవి. పనిలో ఆయనకొక అలవాటు ఉండేది. విప్పిన ప్రతి భాగం మీదా, అది తిరిగి ఎక్కడ కూర్చోవాలో తెలియడానికి, ఎర్రమన్ను కలిపి వేలితో గుర్తు పెట్టేవాడు. మందలో తమ గొర్రెను గుర్తుపట్టడానికి వీపు మీద ఎర్రమన్ను రాస్తారు చూడండి, ఆ అలవాటే ఇంజను దగ్గరికీ వచ్చింది. దానికి నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

పలకల వ్యాపారం చేసే కుటుంబంలోని నరసింహారావును ఊరంతా చిన్నశెట్టి అనేది. మద్రాసులో ఒక దొర సీమకు, అంటే ఇంగ్లండుకు, వెళ్ళిపోతుంటే ఆయన కారు ఈయన కొన్నాడు. రెండే సీట్లు, గుడ్డ పైకప్పు, పొడుగాటి ముక్కు. పందేల కోసం చేసిన కారట. మన కంకర రోడ్ల మీద దానికి ఉన్న వేగమే ఎక్కువ. చిన్నశెట్టికి అదీ చాలలేదు. మద్రాసు దుకాణంవాడు ఎవడో ఎక్కించాడు, మేలురకం క్యామ్ షాఫ్టులు వేయిస్తే బండి ఎగిరిపోతుందని. సీమ నుంచి తెప్పించాడు. మద్రాసు మెకానిక్ ఇంత దూరం రానన్నాడు. అందుకని కారు మా బావ పందిరి కిందికి వచ్చింది. దాన్ని నిలపడానికి మా అక్క పొయ్యి పెరట్లోకి జరిగింది.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆ ఇంజను తల మీద ఇనుప కడ్డీలు రెండు పక్కపక్కన పడుకొని ఉంటాయి. అవే క్యామ్ షాఫ్టులు. వాటి మీద కోడిగుడ్డు మొనలాంటి ఉబ్బులు ఉంటాయి. కడ్డీ తిరుగుతుంటే ఆ ఉబ్బు వాల్వును కిందికి నొక్కి తెరుస్తుంది, దాటిపోగానే వాల్వు మూసుకుంటుంది. కొత్త కడ్డీల మీద ఉబ్బులు పెద్దవి కాబట్టి వాల్వు మరింత లోతుకు తెరుచుకుంటుంది, ఇంజను ఊపిరి బాగా పీలుస్తుంది. అయితే పిస్టన్ పైకి వచ్చే వేళకు వాల్వు తప్పుకొని ఉండాలి. లేదంటే రెండూ గుద్దుకుంటాయి. ఈ లెక్కంతా కడ్డీ చివర ఉండే పళ్ళచక్రం చేతిలో ఉంది. రెండు పళ్ళు అటో ఇటో పడ్డాయా, ఇంజను పోయినట్టే.

ఈ పని మీద మా బావ బతుకే ఆధారపడి ఉంది. చిన్నశెట్టి మేనమామ రాఘవయ్య శెట్టిది గిద్దలూరు. ఆయనకు ఘాటు రోడ్డు మీద నంద్యాలకు తిరిగే బస్సులు మూడు ఉండేవి. దసరాకు వస్తాననీ, ఈ కారు పని సరిగా చేస్తే మూడు బస్సుల మరమ్మతూ లింగయ్యకే ఇస్తాననీ కబురు చేశాడు. అది దొరికితే ఏడాది పొడుగునా పని, నలుగురిలో పేరు. సీమ ఇంజను పగిలిందో, దాన్ని పాడుచేసిన గొర్రెలోడు ఫలానా అని దర్శి దాకా చెప్పుకుంటారు. ఆ తర్వాత బావి ఇంజను కూడా ఎవరూ ముట్టుకోనివ్వరు. ఇది ఆయనకూ తెలుసు, అక్కకూ తెలుసు.

అష్టమి నాడు బావ పాత కడ్డీలు విప్పాడు. కొత్త కడ్డీల చక్రాల మీద తయారుచేసినవాళ్ళు ఏ గుర్తూ కొట్టలేదు. పాత చక్రాన్ని కొత్తదాని పక్కన పెట్టి, పళ్ళు లెక్కబెట్టి, సరైన పన్ను మీద గుర్తు పెట్టాలి. ఎర్రమన్ను డబ్బా తెరిస్తే ఖాళీ. పండగకని అక్క గడపలకూ అరుగులకూ పూసేసింది. పని మీద ఉన్నప్పుడు ఆయన ఎవరితోనూ మాట్లాడడు. లోపలికి పోయి, అక్క కుంకుమ భరిణె తెచ్చి, చిటికెడు కుంకుమను ఆముదంలో కలిపి రెండు చక్రాలకూ చెరొక చుక్క పెట్టాడు. కడ్డీలను శుభ్రమైన పంచె మీద పరిచాడు.

మర్నాడు నవమి. తల మూతకు వేసే రబ్బరు పట్టీలు రైలుకు వచ్చాయంటే తెల్లవారకముందే స్టేషనుకు పోయాడు. ఆయన తిరిగొచ్చేసరికి ఆయుధపూజ అయిపోయింది. స్పానర్లు, సుత్తి, రంపం, కొత్త కడ్డీలు అన్నీ తళతళలాడుతూ పసుపు కుంకుమలతో ఉన్నాయి. బావ అన్నిటినీ కళ్ళకద్దుకొని, అన్నం తిని, పొద్దు గుంకేదాకా కూర్చొని చక్రాల మీది చుక్కల ప్రకారం కడ్డీలు బిగించాడు.

బిగించాక ఇంజనును చేత్తో రెండు చుట్లు తిప్పి చూడడం ఆయన పద్ధతి. ఆ రోజు తిప్పనివ్వలేదు. చిన్నశెట్టి ఇంటి పెద్దలు దశమి పొద్దున తొమ్మిదింటికి ముహూర్తం పెట్టించారట, మొదటి తిప్పు అప్పుడే పడాలట. బావ నసిగాడు, చివరికి సరేనన్నాడు. అక్కడ గట్టిగా నిలబడాల్సిందని నేను ఇప్పటికీ అంటాను.

దశమి పొద్దున పందిరి చుట్టూ వీధి వీధంతా చేరింది. రాఘవయ్య శెట్టికి కుర్చీ వేశారు. చిన్నశెట్టి కొత్త పంచె కట్టుకొని స్టీరింగు ముందు కూర్చున్నాడు. స్టార్టరు నొక్కబోతే బావ ఆపాడు. ముందు చేత్తో రెండు చుట్లు తిప్పుతానని, కారు ముక్కులో హ్యాండిల్ పెట్టి మెల్లగా తిప్పాడు.

సగం చుట్టు తిరిగింది. చెయ్యి ఆగిపోయింది. బావ కొంచెం వెనక్కి తిప్పి మళ్ళీ ముందుకు తెచ్చాడు. అక్కడికే వచ్చి ఆగింది. 

కొత్త సామాను కదా, బిగువుగా ఉంటుంది, గట్టిగా తిప్పమన్నాడు చిన్నశెట్టి. పలకల గని నుంచి వచ్చిన ఇద్దరు దిట్టమైనవాళ్ళు మేం తిప్పుతామని ముందుకొచ్చారు. ముహూర్తం దాటిపోతోందని ఎవరో గడియారం చూపించారు.  సిగ్గు విడిచి చెబుతున్నాను, "తిప్పు బావా, ఏమైతే అది అవుతుంది" అని నేను కూడా అన్నాను. బావ హ్యాండిల్ ఊడదీసి చేతిలో పట్టుకున్నాడు.

"లోపల ఏందో తగులుతా ఉంది చిన్నశెట్టిగారూ. నేను తిప్పను, ఇంకొకర్ని తిప్పనియ్యను."

చిన్నశెట్టి కారు దిగాడు. మేనమామ ముందు పరువు పోయిందని ఒళ్ళు తెలియని కోపం. "గొర్రెలు కాసుకునేవాని చేతికి సీమ ఇంజను ఇచ్చినా చూడు, అదీ నా తప్పు" అని అందరికీ వినబడేటట్టు అని వెళ్ళిపోయాడు. రాఘవయ్య శెట్టి సాయంత్రం రైలుకు తిరుగు ప్రయాణమని చెప్పి లేచాడు. బస్సుల ఊసు ఎత్తలేదు. జనం కదిలిపోయారు.

బావ స్పానర్ల పెట్టె దగ్గరికి లాక్కున్నాడు. మూత విప్పడానికి కూర్చున్నాడు. నేను పక్కన కూర్చొని మూతి బిగించి ఒక్కొక్క నట్టూ అందుకున్నాను. మధ్యాహ్నానికి చక్రాలు బయటపడ్డాయి. చుక్కలు ఎలా ఉండాలో అలాగే ఎదురెదురుగా ఉన్నాయి. బావ వంగి వాటిని దగ్గరగా చూశాడు. ఆయన పెట్టేవి వేలితో పూసిన మరకలు. ఇవి ఉంగరం వేలితో అద్దిన గుండ్రని బొట్లు. పాత చక్రం తెచ్చి పళ్ళు లెక్కబెట్టాడు. గుర్తు పదకొండో పన్ను మీద ఉండాలి. బొట్టు పదమూడో పన్ను మీద ఉంది. రెండో చక్రానిదీ అదే కథ.

అక్కను పిలిచి, కోపం లేకుండానే అడిగాడు, ఈ చక్రాలు కడిగినావా అని. కడగకుండా పూజ ఎట్ల చేస్తారంది అక్క. ఎర్రమన్ను గుర్తులుంటే ఆమె ఏనాడూ తుడిచేది కాదు, అవి పని గుర్తులని ఆమెకు తెలుసు. ఇవి కుంకుమ చుక్కలు. ఈయనే తొందరపడి బొట్టు పెట్టి పోయాడు, నూనె మీద చెదిరిపోయిందనుకుంది. కుంకుడు రసంతో శుభ్రంగా కడిగి, పసుపు రాసి, పొందికగా మళ్ళీ పెట్టింది. చెబుతూ చెబుతూ ఆయన ముఖం చూసింది. అప్పుడు అర్థమైంది ఆమెకు. 

నా నోరు ఊరుకుంటుందా! బతుకులో నిప్పులు పోశావు గదే అని అరిచేశాను. బావ నా వైపు తిరిగాడు.

"నువ్వు ఊరుకో బామ్మర్దీ. చెప్పకుండా కుంకుమతో గుర్తు పెట్టింది నేను."

అంతే. మళ్ళీ పనిలో పడ్డాడు. కడ్డీలు తీసి, పళ్ళు మూడుసార్లు లెక్కబెట్టి, ఆకురాయితో చక్రాల మీద సన్నని గాట్లు పెట్టి బిగించాడు. వాల్వులు ఒక్కొక్కటీ తడిమి చూశాడు. ఒక్కటీ వంగలేదు. పొద్దున ఆ ఇద్దరు గనివాళ్ళు హ్యాండిల్ పట్టుకొని ఉంటే ఎన్ని వంగేవో, పిస్టన్లు ఎన్ని పగిలేవో. పొద్దు పడమటికి దిగేసరికి రెండు చుట్లు తిప్పాడు. ఎక్కడా తగల్లేదు. చిన్నశెట్టికి కబురు పంపాడు.

చిన్నశెట్టి వచ్చాడు. స్టేషనుకు బయల్దేరిన రాఘవయ్య శెట్టి కూడా గుర్రబ్బండి వీధిలో ఆపి దిగాడు. స్టార్టరు నొక్కగానే ఇంజను అందుకుంది. వట్టి మోత కాదది, పందిరి తాటాకులు వణికాయి. చిన్నశెట్టి వీధి చివరిదాకా పోయి తిరిగొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది గానీ మా బావ కళ్ళలోకి చూడలేకపోతున్నాడు.

పొద్దున ఏమైందని రాఘవయ్య శెట్టి అడిగాడు. గుర్తు పెట్టడంలో పొరపాటు పడ్డానని చెప్పాడు బావ. పరాయి మగవాళ్ళ ముందు గొంతెత్తని మా అక్క అప్పుడు గడప దాటి వచ్చింది.

"ఆయనది తప్పు కాదయ్యా. ఆయన సరిగ్గానే పెట్టినాడు. నేను కడిగేసి వేరే చోట బొట్టు పెట్టినా. బస్సులు ఇయ్యకపోతే నా మూలాన ఇయ్యొద్దు గానీ, ఆయనకు పని రాదని మాత్రం అనుకోవద్దు."

ఆమె తల దించలేదు. రాఘవయ్య శెట్టి ఆమె మాటకు తల ఊపాడు. తర్వాత మా బావను అడిగాడు, అంతమంది తిప్పమంటుంటే, ముహూర్తం దాటిపోతుంటే, తప్పు ఎక్కడుందో కూడా తెలియకుండా ఎలా ఆగగలిగావని.

బావ చెప్పాడు. "గొర్రె నడవనని నిలబడితే మేము ఈడ్చమయ్యా. కాలెత్తి ముల్లు గుచ్చుకుందేమో చూస్తాం."

కోపంగా అనలేదు ఆ మాట. అడిగినదానికి జవాబు చెప్పాడంతే. కానీ చిన్నశెట్టి తల వంచుకున్నాడు. పొద్దున తానన్నదానికి క్షమించమని, అందరి ముందూ అన్నాడు. ఆ మాత్రం మంచితనం ఆ మనిషిలో ఉంది, కాదనను.

"మొన్న వేసంగిలో ఘాటులో మా డ్రైవరు ఇట్లనే తగులుతా ఉంటే బలమంతా పెట్టి తిప్పి ఇంజను పగలగొట్టినాడు" అన్నాడు రాఘవయ్య శెట్టి. "వచ్చే మంగళారం మొదటి బస్సు పంపుతా లింగయ్యా. అది అయినాక తక్కిన రెండూ."

బావ సరేనయ్యా అన్నాడు. బండి కదిలిపోయింది, కారూ వెళ్ళిపోయింది. అక్క పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఆయనకు అన్నం పెడతానని లేచింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకొని పక్కన కూర్చోబెట్టుకొని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. పదకొండేళ్ళు బస్సుల కింద పడుకొని నేర్చుకున్న మనిషి ఏడవడం నేను చూసింది అదొక్కసారే. నేను లోపలికి పోయి ఇద్దరికీ అన్నం వడ్డించాను.