చప్పుడు లేని గుడారం

మా ఆయన గొంతులో గడ్డ ఉందని తేలిన తర్వాత ఆపరేషన్‌కు మూడు వారాల గడువిచ్చారు. గొంతులో మాట పుట్టే చోటునే తీసేస్తారట. మెడకు కంత పెడతారు, ఊపిరి దాంట్లోనుంచి తీసుకోవాలి, మాట మాత్రం ఇక రాదు అని డాక్టరమ్మ నాకు అర్థమయ్యేటట్టు రెండుసార్లు చెప్పింది. మూడోసారి ఆయనే అడిగి చెప్పించుకున్నాడు. అప్పటికే ఆయన గొంతు ఎండు తాటాకు మీద గోరుతో గీరినట్టు ఉండేది. నోటి దగ్గర చెవి పెడితే తప్ప వినపడేది కాదు.

ఆ సాయంత్రం మిద్దె మీద ఆరేసిన బట్టలు తీస్తుంటే వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"నీకొక మాట చెప్పాల మే. గొంతు పొయ్యేలోపల చెప్పాల. ఈడ కాదు," అన్నాడు.

ఇక్కడ కాదని ఎందుకన్నాడో నాకు తెలుసు. మాది రెండు గదులు, ఒక వసారా. మేమిద్దరం, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు, ముగ్గురు పిల్లలు. నేను కాపురానికి వచ్చినప్పుడు అత్తామామలు, ఆడబిడ్డలు. వాళ్లు వెళ్లేలోపల పిల్లలు పుట్టారు, వాళ్లు పెద్దవాళ్లయ్యేలోపల కోడళ్లు వచ్చారు. మేమిద్దరమే కూర్చుని మాట్లాడుకున్న రోజు నాకు గుర్తులేదు. నాకు గుర్తులేదంటే జరగలేదనే. చదువు లేకపోయినా, మా ఇంట్లో ఎవరు ఎప్పుడు ఏమన్నారో కావాలంటే అందరూ నన్నే అడుగుతారు. మాట్లాడేది నేను, వినేది ఆయన. మా కాపురం అట్లాగే నడిచింది.

చెప్పాల్సిన మాట ఏమిటోనని నాకు దిగులు పట్టుకుంది. ఎక్కడైనా ఇంకో సంసారం పెట్టాడేమో అని కూడా అనుకున్నాను. ఈ వయసులో అనుకోవాల్సింది కాదు, కానీ అనుకున్నాను.

మా చిన్న కోడలు తెలివిగలది. మామ గొంతు ఫోన్‌లో దాచిపెడదామంది. ఆయన్ను కూర్చోబెట్టి ఫోన్ మూతి దగ్గర పెట్టి, చెప్పు మామా అంది. ఆ రికార్డు ఇప్పటికీ ఉంది. "ఎక్కిందా? ఏడ చూసి మాట్లాడాల?" అని రెండు ముక్కలు, తర్వాత దగ్గు, తర్వాత కోడలి నవ్వు. అంతే.

సముద్రం దగ్గరికి పోదామన్నది ఆయనే. ముత్తుకూరు దాటినాక ఒడ్డున ఒక పాలెం ఉంది. అక్కడి పడవల ఇంజన్లకు ఆయనే తొడుగులు కుట్టేవాడు. ఆయన పని అదే. టార్పాలిన్ పట్టలు కుట్టడం. లారీలకు, వడ్ల రాశులకు, రొయ్యల చెరువుల దగ్గర మేత మూటలకు, ఊళ్లో దేనిమీద వాన పడకూడదంటే దానికి మా ఆయన కుట్టిన పట్ట కప్పాల్సిందే. పాలెంలో ఒకతను, పడవ ఉన్నవాడు, ఒకసారి వచ్చి ఉండండి భాయ్ అని ఎన్నేళ్లుగానో పిలుస్తున్నాడు. అక్కడ గుడారం వేసుకుని మూడు రోజులు ఉండొద్దాం అన్నాడు ఆయన. కొడుకులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దవాడు వద్దనబోతే చిన్నవాడు ఆపాడు.

చిన్నవాడు ఫోన్‌లో చూసి ఒక టెంటు తెప్పించాడు. గొడుగు తెరిచినట్టు దానంతట అదే లేచి నిలబడింది. మిద్దె మీద పెట్టి మమ్మల్ని లోపలికి పొమ్మన్నారు. పాక్కుంటూ పోవాలి. నేను సగం దూరి, రాలేక పోలేక ఉంటే పిల్లలు నవ్వారు. ఆయన ఎట్లాగో కూర్చుని, పాత అలవాటు కొద్దీ కుట్లన్నీ వేలితో తడిమి చూశాడు. కుట్టు బాగుందన్నాడు. ఇద్దరికి సరిపోతుందని దానిమీదే రాసుంది నాయనా అన్నాడు చిన్నవాడు.

"ఇద్దరూ సరిపోతార్రా. మోకాళ్లు ఇంటికాడ పెట్టి పోవాల," అన్నాడు ఆయన.

మోకాళ్ల సంగతి ఎట్లా ఉన్నా, అసలు ఇబ్బంది వేరే. ఒకరు కదిలితే చాలు, ఆ గుడ్డ చిప్స్ ప్యాకెట్టులాగా గరగరలాడింది. లోపల ఆయన నాతో ఏదో అన్నాడు. నేను ఆఁ అన్నాను. మళ్లీ అన్నాడు, మళ్లీ ఆఁ అన్నాను. ఆయన ఇంక అనలేదు. ఆ టెంటు వెనక్కి పోయింది.

ఇంకెవరి గుడారమో ఎందుకు, నేనే కుడతానని అంగడికి పోయి నీలం పట్ట తెచ్చాడు. రెండు రోజుల్లో కుట్టాడు. చక్కగా నిలబడి లోపలికి పోవచ్చు. వెదురు గడలు పాతి, నాలుగు మూలలా తాడు బిగించి మిద్దె మీద నిలబెట్టాడు. నాకు గర్వంగా కూడా అనిపించింది. నాలుగింటికి సముద్రపు గాలి మొదలైంది. పట్ట పటపటమని కొట్టుకోసాగింది. పక్కన ఆయన ఉన్నాడని తెలుస్తోంది, పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. ఆయన తల పైకెత్తి ఆ చప్పుడు చాలాసేపు విన్నాడు. తర్వాత నా చెవిలో చెప్పాడు.

"ముప్పై ఏండ్లు కుట్టినా మే. ఒక్కనాడు కూడా లోపల కూర్చోని చూళ్లే. వడ్లకు చెవులుండవు గదా."

అప్పటికి ఒక వారం అయిపోయింది. ఆ వారంలో ఆయన గొంతు ఇంకా సన్నబడింది.

మూడోసారి గుడ్డ కోసం పాత లారీల షెడ్డుకు పోయాడు. ఇప్పుడు ఎవరూ వాడని నూలు కాన్వాసు, మందంది, మూలన పడి ఉంటే తెచ్చాడు. కాలవలో నానబెట్టి, కొడుకులు తొక్కి ఉతికి, రెండు రోజులు ఎండబెట్టారు. నూలు గుడ్డ బరువు. గాలికి తొందరగా లేవదు, లేచినా చప్పుడు చెయ్యదు. ఆయన అంచులు కోసిన తీరు మాత్రం నేనెప్పుడూ చూడలేదు. అంచు తిన్నగా కోస్తే నడిమి భాగం వదులై గాలికి కొట్టుకుంటుందట, ఎంత లాగి కట్టినా. తాడు ఒక కొస నా చేతికిచ్చి, ఇంకో కొస తను పట్టుకుని, కొంచెం వదులు చేయమన్నాడు. ఆ తాడు ఎట్లా వంగి వేలాడిందో ఆ వంపునే పట్ట మీద సుద్దతో గీసి, ఆ గీత వెంట లోపలికి కోశాడు. వెనకటి రోజుల్లో తెరచాపలు కుట్టిన తన ఉస్తాదు చెప్పిందట. నాకెప్పుడూ చెప్పలేదే అంటే, నువ్వు చెప్పనిస్తేగా అన్నట్టు చూశాడు.

మిగతా సామాను నేను చూసుకున్నాను. పెద్ద కోడలు మడత మంచాలు తీసుకుపొమ్మంది. వాటిమీద కూర్చుని చూస్తే కిర్రుమన్నాయి, వద్దన్నాను. ఒక ఈత చాప, దానిమీద రెండు బొంతలు. ఆయన వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, అందుకని తలకిందికి మూడు దిండ్లు. దోమల బత్తి పొగ ఆయన గొంతుకు పడదు, కాబట్టి దోమతెర. చిన్న గ్యాసు పొయ్యి, వేణ్నీళ్లకు ఫ్లాస్కు, జావకు రాగిపిండి, మెత్తగా వండడానికి బియ్యం. మోకాళ్లకు కుర్చీలు కావాలి గనక రెండు ప్లాస్టిక్ కుర్చీలు. చేతులున్నవి ఇంట్లోనే ఉన్నాయి. నేను చేతుల్లేనివి అడిగి తెచ్చుకున్నాను. చేతులుంటే ఎంత దగ్గర వేసుకున్నా తలకీ తలకీ మధ్య మూరెడు ఖాళీ ఉంటుంది.

ట్రాలీ ఆటోలో అన్నీ వేసి కొడుకులు తీసుకుపోయి దింపారు. ఆపరేషన్‌కు అప్పుడు అయిదు రోజులుంది. పాలెం అతను సరుగుడు తోటలో చోటు చూపించాడు. చల్లటి నీడ, పక్కనే నీళ్ల కుళాయి. కొడుకులు గడలు పాతబోతే ఆయన ఆగమని చెయ్యెత్తాడు. సరుగుడు చెట్లు గాలికి హోరుమంటున్నాయి. నాకు మొదట తట్టలేదు. ఆయన తోటంతా తిరిగి, బయటికి పోయి, ఒక ఇసుక దిబ్బ వెనక గుంతలాంటి చోట నిలబడి నన్ను పిలిచాడు. పిలవడమంటే చెయ్యి ఊపడమే. అక్కడికి పోతే అలల చప్పుడు కూడా సగమైపోయింది.

"ఎండలో ఎందుకు భాయ్? అక్కకు కష్టంగా ఉంటాది," అన్నాడు పాలెం అతను.

మా చిన్నవాడు సంగతి చెప్పాడు. అతను దిబ్బ ఎక్కి సముద్రం వైపు చూసి వచ్చాడు. తర్వాత, సాయంత్రాలు ఏం చేసినా గాలి ఆగదనీ, తెల్లారినాక ఎండ ఎక్కేదాకా మాత్రం ఆకు కూడా కదలదనీ, మాట్లాడుకోవాలంటే అప్పుడే మాట్లాడుకోవాలనీ చెప్పాడు. ఇసుకలో మేకులు నిలవవని, మేత సంచుల్లో ఇసుక నింపి, తాళ్లు వాటికి కట్టి, మోకాలి లోతున పూడ్చింది కూడా అతనే.

ఆ సాయంత్రం గాలి బాగా వీచింది. కాన్వాసు కొట్టుకోలేదు. కడవలో ఊదితే వచ్చేటటువంటి చిన్న హోరు మాత్రం ఉంది. ఆయన అంచు మీద అరచెయ్యి పెట్టి చూసుకుని తృప్తిగా తలాడించాడు. నేను దిగులు కొద్దీ ఏవేవో మాట్లాడుతూనే ఉన్నాను. గమ్మునుండు మే అన్నాడు. ఉన్నాను.

తెల్లారింది. ఆయన నమాజు చేసుకున్నాడు. నేను టీ కాచి పొయ్యి ఆర్పేశాను. పొయ్యి బుస కూడా ఉండకూడదని. కుర్చీలు ఆనించి వేశాను. గాలి లేదు. ఆయన పెదాలు నా చెవికి తగిలేంత దగ్గరగా ఉన్నాయి.

"పెద్ద తుఫాను కథ చెప్తావే," అన్నాడు.

ఆ కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. నేనే చెప్పాను. పెద్దవాడికి మూడేళ్లు, చిన్నవాడు చంకలో. సందులోకి నీళ్లొస్తే మేమంతా బడి మిద్దె ఎక్కాం. ఆయన బజారులో అంగడి దగ్గరున్నాడు. పొద్దు గూకేముందు రొమ్ములోతు నీళ్లలో ఈదుకుంటూ, నెత్తిన పట్ట పెట్టుకుని మాకోసం వచ్చాడు, చొక్కా మెడదాకా బురద నీళ్లే. ఆ పట్ట కింద మేం నలుగురం తల దాచుకున్నాం. ఈ కథ విని మా కొడుకులు పెరిగారు. సంబంధాలు వచ్చినప్పుడు వియ్యాలవారికి కూడా చెప్పాను.

"నీళ్లు రొమ్ములోతు లేవు మే. నేను బయల్దేరేతలికి దిగిపోయినాయి. మోకాలి దాకా ఉణ్ణాయి, అంతే. పొద్దున్నించీ అంగడి అటక మీద కూర్చోనుణ్ణా. రెండుసార్లు దిగినా. నీళ్లు చూసి మళ్లీ ఎక్కినా. పక్కంగడాయన తాడు పట్టుకోని పోదాం రమ్మన్నాడు. నేను పోలే. ఆయన పోయినాడు."

మధ్యలో రెండుసార్లు నీళ్లు తాగాడు. ఫ్లాస్కు మూత నేనే తీసి ఇచ్చాను.

"చొక్కా?" అన్నాను చివరికి.

"మన సందు మలుపులో కాలవలో పడినా. నువ్వు చొక్కా చూసి అనుకున్నావు. పదిమందికి చెప్పినావు. నేను కాదనలే. ఆ కథ చెప్పినప్పుడల్లా లేచి పొయ్యి ఒక బీడీ తాగొచ్చేవాణ్ణి."

నేను లేచి బయటికి పోయాను. కడిగిన గిన్నెనే మళ్లీ ఇసుకతో తోమాను. కోపం వచ్చింది. ఆ రోజు పొద్దుటినుంచి ఇద్దరు పిల్లల్ని కొంగు కింద పెట్టుకుని, ఆ వానలో, వస్తాడు వస్తాడని అందరికీ చెప్పింది నేను. గిన్నె తోముతుంటే ఒక ముక్క గుర్తొచ్చింది. గుర్తొచ్చిందనడం అబద్ధం, అది ఎప్పుడూ గుర్తే. పక్కంగడాయన మధ్యాహ్నమే తన వాళ్ల దగ్గరికి వచ్చి చేరాడు. మా ఆయనేడీ అని అడిగాను. వస్తాడులేమ్మా అని మొహం తిప్పుకున్నాడు. అన్నేళ్లుగా ఆ కథ చెప్పాను, ఆ ముక్క ఒక్కసారీ చెప్పలేదు.

గిన్నె అక్కడే పెట్టి లోపలికి పోయాను.

"పక్కంగడాయన మొహం తిప్పుకున్నాడయ్యా. నేను చూసినా," అన్నాను.

ఆయన నన్ను పక్క కుర్చీలో కూర్చోబెట్టుకున్నాడు. ఎండ ఎక్కుతోంది. దిబ్బ మీద గడ్డి కదలడం మొదలైంది.

"పిల్లోళ్లకు చెప్పు. నేనుండంగానే చెప్పు, నా ముందర. నాకు నోరుండదు," అన్నాడు.

తర్వాతి రెండు పొద్దులు కూడా మాట్లాడుకున్నాం. అవి మా ఇద్దరివి.

ఆపరేషన్ అయింది. ఆయన మెడకు ఇప్పుడు పల్చటి గుడ్డ అడ్డం ఉంటుంది. కోలుకుని మంచం మీద కూర్చోగలిగిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ముసురు పట్టింది. ఎవరూ పనికి పోలేదు. అందరూ వసారాలో చేరారు. చిన్న కోడలు తుఫాను కథ చెప్పత్తా అంది. నేను ఆయన వైపు చూశాను. ఆయన తల ఊపాడు.

చెప్పాను. బడి మిద్దె, వాన, పక్కంగడాయన రావడం, మొహం తిప్పుకోవడం. అటక. రెండుసార్లు దిగడం, ఎక్కడం. పెద్దవాడు చేతిలో ఫోన్ పక్కన పెట్టాడు.

"ఇప్పుడెందుకమ్మా ఇది," అన్నాడు.

"మీ నాయన చెప్పమన్నాడు," అన్నాను.

 ఆయన లేచి పోలేదు. నేను ఆపకుండా చెప్పాను. నీళ్లు దిగి మోకాలి లోతుకు వచ్చినాక, అప్పుడు మీ నాయన అటక దిగినాడు అన్నాను. మంచం మీదినుంచి ఆయన చెయ్యి చాపి నన్ను తట్టాడు. ఆ చెయ్యి తన మోకాలి మీద పెట్టి, అడ్డంగా తల ఆడించి, మెల్లగా కిందికి జరిపి పిక్క సగానికి తెచ్చి ఆపాడు.

పిక్క లోతు నీళ్లు అని దిద్దుకుని, తర్వాత జరిగింది చెప్పాను.